గడ్డివాములో తాచుపాము గుడ్లు: చంపొచ్చా, తీసేయొచ్చా, వదిలేయాలా?

పెరటిమొక్క:
అందరికీ నమస్కారం. మామూలుగా పంటల సంగతులు అడగడానికి వస్తుంటాను, ఈసారి వేరే గొడవ. ఇంటి వెనక పశువుల పాక, దాన్నానుకుని పాత గడ్డివాము ఉంది. పొద్దున గేదెలకి గడ్డి లాగుతుంటే అడుగున పందికొక్కు తవ్విన గుంతలో తెల్లటి గుడ్లు కనిపించాయి. కోడిగుడ్డు కంటే చిన్నవి, కోలగా ఉన్నాయి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకునేలోపే లోపల్నుంచి బుస. పడగ కూడా చూశాను, తాచే, అనుమానం లేదు.

ఇంట్లో ఇప్పుడు రెండు పార్టీలు. మామగారేమో "అది మన జోలికి రాలేదు, మనకెందుకు" అంటారు. మరిది గడ్డివాముకి నిప్పు పెట్టేద్దామంటాడు. పిల్లలు ఆ పాక దగ్గరే ఆడుకుంటారు, నా భయమల్లా అదే. పామును చంపితే కేసవుతుందంటున్నారు, నిజమేనా? పోనీ గుడ్లు మాత్రం తీసి దూరంగా పారేస్తే?

మెట్టరైతు:
కేసు సంగతి తర్వాత చూసుకోవచ్చమ్మా. ఒక్కో గుడ్డూ ఒక పాము. రేపు అవన్నీ పిల్లలై పాకంతా తిరుగుతుంటే ఎవరు కాపలా కాస్తారు? చట్టం రాసినవాళ్లెవరూ అర్ధరాత్రి కరెంటొచ్చినప్పుడు మోటారు వెయ్యడానికి గట్టు మీద నడవరు. మీ మరిది చెప్పిందే రైటు. కాకపోతే నిప్పొద్దు, పాక కూడా అంటుకుంటుంది.

కొక్కెం_సంచీ:
అక్కా, ముందు మీ మరిదిగారి దగ్గర అగ్గిపెట్టె తీసేసుకోండి. నేను పాములు పడుతుంటాను, అటవీ శాఖ వాళ్లు పిలిస్తే వెళ్తాను. ఇప్పుడు చెయ్యాల్సింది చాలా తక్కువ. గేదెల్ని వేరేచోట కట్టేయండి. పిల్లలు, కోళ్లు, కుక్క ఎవరూ అటు పోకుండా చూడండి. మీ మండలం అటవీ సెక్షన్ ఆఫీసుకి గానీ బీట్ ఆఫీసరుకి గానీ ఫోన్ చేయండి. వాళ్లొచ్చేదాకా ఒక్క మనిషి దూరం నుంచి గడ్డివాముని కనిపెట్టుకుని ఉంటే చాలు. పదిహేను అడుగుల అవతల నిలబడ్డ మనిషిని తాచు ఏమీ చెయ్యదు, తరుముకుంటూ రాదు. పడగ విప్పి బుసకొట్టిందంటే "దగ్గరికి రాకు" అని చెప్పడమే.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. జనం పోగై, కర్రలు పట్టుకుని, అరుస్తూ చుట్టుముడతారు. పాము ఏ సందులోకో దూరిపోతుంది. మేం వెళ్లేసరికి ఎటు పోయిందో ఒక్కరూ చెప్పలేరు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

గుడ్లు ముట్టుకోకండి. పిల్లపాములు పుట్టిన క్షణం నుంచీ విషమున్నవే, ఆ మాట దాచను. కానీ గుడ్డు పగిలాక అవి గుంపుగా ఒకేచోట కాపురం చెయ్యవు, ఎవరి దారిన అవి పోతాయి. పోయినవాటిలో ఎక్కువ కాకులకీ కొంగలకీ ముంగిసలకీ ఆహారమే.

షెడ్యూల్‌ఒకటి:
చట్టం గురించి అడిగారు కాబట్టి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. దీన్ని 2022లో బాగా సవరించారు, సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు ఆరు షెడ్యూళ్లుంటే (జంతువుల, మొక్కల జాబితాలు) ఇప్పుడు నాలుగే. నాగుపాము (మీరు తాచు అంటున్నదే), రక్తపింజరి, గిరినాగు (కింగ్ కోబ్రా) ఇప్పుడు మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అంటే కాగితం మీద పులికున్న రక్షణే వీటికీ. శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు, జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు.

గుడ్ల విషయానికొస్తే, చట్టం "వేట" కిందకి చంపడం ఒక్కటే తేలేదు. పట్టుకోవడం, విషం పెట్టడం, ఉచ్చు వెయ్యడం, చివరికి పక్షుల, సరీసృపాల గుడ్లు పాడుచెయ్యడం, గూడు చెదరగొట్టడం కూడా దాని కిందే వస్తాయి. కాబట్టి తీసి పారెయ్యడమూ నేరమే. అనుమతి లేకుండా పాముని పట్టి సంచీలో వేసుకోవడమూ నేరమే, మంచి ఉద్దేశంతో చేసినా సరే. అందుకే ముందు అటవీ శాఖకి చెప్పమంటారు.

మెట్టరైతు:
అంటే పాము నా మంచం మీదకొచ్చినా దండం పెట్టి కూర్చోవాలన్నమాట. బాగుంది.

షెడ్యూల్‌ఒకటి:
అలా ఎవరన్నారండీ? అదే చట్టం సెక్షన్ 11(2) చదవండి. తన ప్రాణం గానీ ఇంకొకరి ప్రాణం గానీ కాపాడుకోవడానికి, సదుద్దేశంతో జంతువుని చంపినా గాయపరిచినా అది నేరం కాదు. ఉయ్యాల్లో పిల్ల పక్కన పాముంది, వేరే దారి లేదు, కొట్టారు. దానికి రక్షణ ఉంది. కానీ పాము కంచె దాటి పోతుంటే వెంటపడి కొట్టడం, పుట్ట తవ్వి కొట్టడం, కొట్టాక కర్రకి వేలాడదీసి ఫొటో దిగి వాట్సాప్‌లో పెట్టడం ఆత్మరక్షణ కిందకి రావు. ఆ ఫొటోయే సాక్ష్యమవుతుంది. ఇంకో సంగతి, ఆత్మరక్షణలో చంపినా కళేబరం ప్రభుత్వ ఆస్తి. సమాచారం ఇవ్వాలి.

మెట్టరైతు:
సరే, చట్టం మీరు చెప్పినట్టే ఉందనుకుందాం. నాదొక ప్రశ్న. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో పన్నెండు లక్షల మంది పోయారని అంచనా వేశారు, పేపర్లలో వచ్చింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల లెక్కలో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది మాలాంటివాళ్లే, పొలంలోనో ఇంటి దగ్గరో. పులి ఏటా అంతమందిని చంపితే ఊరుకుంటారా? పాముకి పులి షెడ్యూల్ ఇచ్చినవాళ్లు రైతుకేమిచ్చారు?

కొక్కెం_సంచీ:
అన్నా, మీ ప్రశ్న న్యాయమైందే. కోపం కూడా న్యాయమైందే. ఒక్కటి ఆలోచించండి. మన తాతల కాలం నుంచీ కనిపించిన ప్రతి పామునీ కొడుతూనే ఉన్నాం. చట్టమొచ్చిన యాభై ఏళ్లలో కూడా పల్లెల్లో కొట్టడం ఆగలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మరి ఆ మరణాలు ఎందుకు తగ్గలేదు? ఎందుకంటే కనిపించిన పాము కాటెయ్యదు. కనిపిస్తే మనమే పక్కకి జరుగుతాం. కాటేసేది చీకట్లో కాలు పడ్డ పాము, గడ్డిమోపు కింద ఉన్న పాము, నిద్రలో చెయ్యి తగిలిన పాము. కొట్టడం వల్ల వాటి సంఖ్య తగ్గేదేమీ లేదు, పైగా కొట్టబోయినవాళ్లకే కాటు పడుతుంది. నేను వెళ్లిన ఊళ్లలో విన్న తాచు కాట్లలో చాలావరకు కర్ర పట్టుకున్నవాళ్లవే.

పైగా మనం కొట్టేవాటిలో ఎక్కువ జెర్రిపోతులే. పొడుగ్గా ఉంటుంది, పగలే తిరుగుతుంది, కనిపిస్తుంది, చస్తుంది. విషం లేదు. ధాన్యం కొట్లో ఎలకల్ని తినేది అదే. దాన్ని కొట్టేస్తే ఎలకలు పెరుగుతాయి, ఎలకల కోసం తాచొస్తుంది.

కందిచేను:
మా దిక్కు ముచ్చట కొంచెం వేరే ఉంటది. ఎండకాలం, వానల మొదట్ల అందరం వాకిట్ల నేల మీదనే చాప పర్సుకొని పండుకుంటం. తాచుతోని అంత భయం లేదు, బుసకొడ్తది, తెలుస్తది. కట్లపాముతోనే పరేషాన్. అది పగటిపూట చుట్ట చుట్టుకొని తల దాసుకొని ఉంటది, ముట్టినా గమ్మునుంటది అంటరు. రాత్రి మాత్రం వేరే లెక్క. మా ఊర్ల ఒకాయన తెల్లారి కడుపునొస్తుందని లేసిండు, గ్యాసనుకున్నరు. కాటు గుర్తు కూడా సరిగ్గ కనవడలె.

రాత్రిడ్యూటీ:
కందిచేను గారు చెప్పింది ప్రతి ఒక్కరూ చదవాలి. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. కట్లపాము కాటు నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టుండటం, ఆ తర్వాత కనురెప్పలు వాలిపోవడం. నేల మీద పడుకున్న మనిషి ఇలా లేస్తే, పాముని చూసినా చూడకపోయినా, పాముకాటేనేమో అనుకునే ఆసుపత్రికి తీసుకురండి. రెప్పలు వాలిన తర్వాత ఊపిరి తీసే కండరాలు కూడా చచ్చుబడతాయి. వెంటిలేటర్ ఉన్నచోటికి సమయానికి చేరితే ఈ మనుషులు లేచి నడిచి వెళ్తారు, నేను చూస్తూనే ఉంటాను.

దీనికి అన్నిటికంటే చవకైన మందు దోమతెర. మంచం మీద పడుకుని, తెర అంచులు పరుపు కిందకి దోపండి. మంచం లేకపోతే చాప మీదే తెర కట్టి అంచులు చాప కిందకి మడవండి. ఇది ఒక్కటి చేస్తే కట్లపాము కాట్లు సగానికి సగం ఉండవని నా అభిప్రాయం.

కాటు పడ్డాక ఏం చెయ్యాలో కూడా చెప్తాను, ఎందుకంటే కట్టు బిగించి తెచ్చే కాళ్లు ఇంకా చూస్తున్నాం. తాడుతో బిగించకండి. కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, ఐస్ పెట్టొద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపొస్తే తర్వాత రావు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా కర్రబద్దతో గుడ్డ చుట్టి ఉంచండి. మనిషిని నడిపించొద్దు, పరిగెత్తించొద్దు. 108 వచ్చేలా లేకపోతే బైక్ మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకుని రండి. కాటు పడ్డ టైము గుర్తుపెట్టుకోండి. పాముని చంపి సంచీలో తేవొద్దు. చచ్చిన పాము తల కూడా కాసేపు కాటు వేయగలదు.

వడ్లబస్తా:
పాము ఏదో తెలియకపోతే డాక్టరు మందు ఎలా ఇస్తారండీ? అందుకే కదా చంపి తెచ్చేది.

రాత్రిడ్యూటీ:
ఇక్కడ దొరికేది ఒకటే మందు. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ కలిపే తయారుచేస్తారు. మేం చూసేది లక్షణాలు. రెప్పలు వాలుతున్నాయా, చిగుళ్ల నుంచి రక్తం కారుతోందా, మూత్రం ఎర్రగా ఉందా అని. పింజరి అనుమానముంటే కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి ఒంచి చూస్తాం. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు, పీహెచ్‌సీలోనే చెయ్యొచ్చు. ఏమీ లేకపోయినా ఒక రోజంతా పరిశీలనలో ఉండమంటాం. "బాగానే ఉన్నాను" అని మధ్యలో లేచిపోకండి, దయచేసి.

మంత్రం వేయించుకుని తగ్గిందనేవాళ్లకి ఒక మాట. మనల్ని కరిచే పాముల్లో చాలా భాగం విషం లేనివి. విషమున్నది కూడా అన్నిసార్లూ విషం ఎక్కించదు. అలాంటి కాటుకి మంత్రమూ పనిచేస్తుంది, వేపాకు నమిలించడమూ పనిచేస్తుంది, ఏమీ చెయ్యకపోయినా పనిచేస్తుంది. నిజంగా విషమెక్కిన మనిషికి మాత్రం ఆ మంత్రం పేరున పోయిన గంటే ప్రాణం.

షెడ్యూల్‌ఒకటి:
ఈ మందు దగ్గర చట్టం సంగతి ఇంకొకటుంది. ప్రాణరక్షక మందుల కోసం పాము విషం సేకరించడానికి చట్టమే సెక్షన్ 12లో అనుమతులు పెట్టింది. మన దేశంలో మందు తయారీకి వెళ్లే విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుల గిరిజనుల సహకార సంఘం తీసేదే. 1978లో మొదలైంది. పాముని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. 2023లో వాళ్లలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. పాములన్నీ పోతే మందు కూడా పోతుందని మెట్టరైతు గారికి మనవి.

మెట్టరైతు:
మనవి అందింది. తమిళనాడు పాము విషంతో చేసిన మందు మన పాముకి ఎంత పనిచేస్తుందో కూడా చెప్పండి మరి.

రాత్రిడ్యూటీ:
మంచి ప్రశ్న అడిగారు. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని పరిశోధనల్లో తేలింది, కొన్నిచోట్ల ఎక్కువ వయల్స్ (మందు సీసాలు) పడతాయి. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు మందు రావాలని డాక్టర్లే అడుగుతున్నారు. అలాగని ఉన్న మందు పనికిరాదని కాదు. ఆలస్యంగా ఇచ్చిన మంచి మందు కంటే తొందరగా ఇచ్చిన ఈ మందే మేలు.

మన్యంకొండ:
మా వైపు (అనకాపల్లి జిల్లా) గిరినాగు సంగతి చెప్తాను. మాడుగుల వైపు జీడితోటల్లో, పల్లెల్లో కూడా కనిపిస్తుంది. పన్నెండు, పదమూడు అడుగులుంటుంది, తల ఎత్తిందంటే నడుం దాకా వస్తుంది, చూసినవాడి ప్రాణాలు అక్కడే పోతాయి. కానీ అది తినేది వేరే పాముల్ని. జెర్రిపోతు దొరికితే జెర్రిపోతు, తాచు దొరికితే తాచు. మనుషుల జోలికి రావడం బాగా అరుదు. ఆడపాము ఎండాకులు పోగేసి గూడు కడుతుంది, పాముల్లో ఆకులతో అలా గూడు కట్టేది ఇదొక్కటే. గూడు దగ్గర కాపలా కూడా కాస్తుంది. వైజాగ్ నుంచి ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వాళ్లొచ్చి ఊళ్లలో చెప్తుంటారు. మొదట్లో మావాళ్లు నవ్వేవారు, ఇప్పుడు గూడు కనిపిస్తే కబురు చేస్తున్నారు.

పైన మందు గురించి చెప్పారు కదా, గిరినాగు ఆ నాలుగింటిలో లేదు. అందుకని దానితో పరాచికాలొద్దు.

వడ్లబస్తా:
బాత్రూం మూల నల్లటి సన్న పాము, ఒంటి మీద తెల్ల పట్టీలు. ఫొటో సరిగ్గా రాలేదు. కట్లపామేనా?

కొక్కెం_సంచీ:
పట్టీలు మెడ దగ్గర నుంచే మొదలై తోక వైపు పోనుపోను మాసిపోయాయా, లేక మెడ దగ్గర ఏమీ లేకుండా వెనక్కి వెళ్లేకొద్దీ స్పష్టంగా ఉన్నాయా? మొదటిదైతే అది విషం లేని తోడేలు పాము కావొచ్చు, గోడలెక్కి బల్లుల్ని పట్టుకుంటుంది. రెండోదైతే, సన్నటి తెల్ల గీతలు జంటలు జంటలుగా ఉంటే, కట్లపామే. కానీ ఈ తేడా తెలిసిందని చెయ్యి పెట్టకండి. నల్లటి ఒంటి మీద తెల్ల పట్టీ కనిపిస్తే కట్లపామనే అనుకోండి. ఎనిమిదేళ్ల అనుభవమున్న పాములవాళ్లు కూడా తడబడిన జంట ఇది.

కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజరిని చేత్తో ఎత్తినవాళ్లూ ఉన్నారు. పింజరికి వీపు మీద గొలుసులా మూడు వరసల మచ్చలుంటాయి, మందంగా, బద్ధకంగా పడుంటుంది, దగ్గరికెళ్తే ప్రెషర్ కుక్కర్ విజిల్ ముందు వచ్చే శబ్దం చేస్తుంది. ఆ శబ్దం విన్నాక ఒక్క అడుగు కూడా ముందుకెయ్యకండి. కోతలప్పుడు వరిచేలో ఎక్కువ కాట్లు దీనివే.

పెరటిమొక్క:
సాయంత్రం బీట్ ఆఫీసరుగారు ఒక పాములు పట్టే అబ్బాయితో వచ్చారు. తాచు లోపలే ఉంది, కొక్కెంతో తీసి గొట్టం చివర కట్టిన సంచీలోకి దానంతట అదే వెళ్లేలా చేశాడు, చెయ్యి తగలనివ్వలేదు. గుడ్లు తియ్యక తప్పదన్నారు, పాక మరీ దగ్గర కాబట్టి. ఒక్కోదాని పైభాగాన మార్కర్‌తో చుక్క పెట్టి, ఏ గుడ్డూ తిరగబడకుండా, అదే మట్టితో డబ్బాలో పెట్టుకుని వెళ్లారు. తిరగబడితే లోపలి పిల్ల చచ్చిపోతుందట. మరిది వీడియో తీస్తూ నిలబడ్డాడు, ఇప్పుడు ఊళ్లో అందరికీ వాడే పాఠం చెప్తున్నాడు.

పాముని మాత్రం ఊరి చెరువు అవతలే వదిలామన్నారు. అదే నచ్చలేదు. ఇరవై కిలోమీటర్ల అవతల అడవిలో వదలొచ్చు కదా?

కొక్కెం_సంచీ:
అందరూ అదే అడుగుతారక్కా. పాముకి తన నేల తెలుసు, ఎక్కడ నీళ్లున్నాయి, ఎక్కడ దాక్కోవాలి అన్నీ. కొత్తచోట దించితే దారి తెలియక ఊరికే తిరుగుతుంది, రోడ్ల మీద పడుతుంది, ఇంకెవరి ఇంట్లోకో దూరుతుంది, చాలామటుకు చచ్చిపోతుంది. అంటే మన ఇంటి ముప్పుని ఇంకొకరి ఇంటికి పంపడమే. మీ పాకలో ఖాళీ అయిన చోటికి ఎలకలుంటే ఇంకో పామొస్తుంది. పగబట్టి రాదు, ఎలక వాసనకి వస్తుంది. ఆ పాత గడ్డివాము అడుగున పందికొక్కుల బొరియలున్నాయన్నారు కదా, ముందు వాటి సంగతి చూడండి. కొత్త వాము వేసేటప్పుడు నేల మీద కాకుండా రాళ్ల మీద బద్దలు పరిచి ఎత్తుగా వెయ్యండి. కట్టెలు, పిడకలు గోడనానుకుని పేర్చకండి. కోళ్ల గూడు, దాణా బస్తాలు పడకగదికి దూరంగా పెట్టండి.

కందిచేను:
ఇంటి సుట్టు ఫినాయిల్, కార్బాలిక్ యాసిడ్ పోస్తే రాదంటరు కద?

కొక్కెం_సంచీ:
రాదనేది అమ్మేవాడి మాట. ఫినాయిల్ గీత దాటి వచ్చిన పాముల్ని నేనే పట్టాను. యాసిడ్ వల్ల పాముకంటే ముందు పిల్లల కాళ్లు కాలతాయి. వెల్లుల్లి, గంధకం, ఉప్పు కూడా అంతే.

వడ్లబస్తా:
మరి బాత్రూం నీళ్లు పోయే పైపుకి ఏం పెట్టాలి?

కొక్కెం_సంచీ:
ఇనుప జాలీ, పావు అంగుళం సందుకి మించకుండా. పెన్సిల్ దూరే సందులో పిల్లపాము దూరుతుంది. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ కొట్టించండి. నైలాన్ వల మాత్రం వద్దు, పాములు అందులో చిక్కుకుని మెడ కోసుకుంటాయి, వాటిని విడిపించబోయి మనుషులు కాటు తింటారు.

మెట్టరైతు:
జాలీలు, దోమతెరలు ఇంటి సంగతి. కాటు ఎక్కువ పడేది వానాకాలం, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. గమ్‌బూట్లు వేసుకోమంటారు అందరూ. బురద మడిలో ఆ బూట్లతో నాలుగడుగులు వేసి చూపించమనండి, కాలు వస్తుంది, బూటు రాదు.

రాత్రిడ్యూటీ:
నిజమే, నాట్లలో బూట్లతో కుదరదు. మా దగ్గరికి వచ్చేవాళ్లని అడిగితే చాలామంది చెప్పేది గట్టు మీద నడుస్తుంటేనో, మోటారు దగ్గర గడ్డిలోనో, కోత మోపులు ఎత్తుతుంటేనో అని. కనీసం అక్కడికి బూట్లు వేసుకెళ్లి, మడిలోకి దిగేటప్పుడు గట్టు మీద విప్పి పెట్టండి. మళ్లీ వేసుకునే ముందు తలకిందులు చేసి దులపండి. రాత్రి మోటారుకి వెళ్లేటప్పుడు సెల్‌ఫోన్ లైటు చాలదు, టార్చి ఉండాలి, కర్రతో ముందు నేల తట్టుకుంటూ వెళ్లండి. పాముకి బయటికి కనిపించే చెవులు లేకపోయినా నేల అదిరితే తెలుస్తుంది.

మెట్టరైతు:
సరే. టార్చి, కర్ర ఉన్నాయి. బూట్లు ఈసారి కొంటాను, గట్టు వరకే.